బయట పెట్టే చెక్కిన బోర్డుకి ఏ షీట్, ఏ కటింగ్, ఏ పెయింట్? సీఎన్‌సీ రౌటర్ ఉన్నవాళ్లకి నా సలహా

సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పిన దారిలో తిరిగే బిట్‌తో షీట్‌ని కోసి చెక్కే మెషిన్, కొన్నాక బోర్డులు చేద్దాం అనుకునేవాళ్లు ముందు అడిగేది ఎప్పుడూ ఒకటే, ఏ బిట్ వాడాలి, ఫీడ్ (బిట్ ముందుకి కదిలే వేగం) ఎంత పెట్టాలి అని. నన్నడిగితే అది చిట్టచివర తేల్చుకోవాల్సిన విషయం. బోర్డు మెషిన్ మీద ఉండేది కొన్ని గంటలే, ఎండలో వానలో నిలబడేది ఏళ్ల తరబడి, కాబట్టి దాన్ని పాడుచేసేది ఎండా నీళ్లే గానీ మీ ఫీడ్ రేటు కాదు. అందుకే ముందు ఆ బోర్డు ఎక్కడ ఉంటుంది, మళ్లీ పెయింట్ వేసే మనిషి ఎవరైనా ఉన్నారా లేదా, ఈ రెండూ తేల్చుకోండి. ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు, కానీ షీట్ ఏది తీసుకోవాలో సగం అదే చెప్పేస్తుంది. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి దింపి కడిగి ఒక కోటు వేసే ఓపిక ఉన్న ఓనరైతే చెక్క అద్భుతంగా ఉంటుంది. ఒకసారి బిగించాక దాని మొహం చూడరు అనుకుంటే చెక్క జోలికి వెళ్లొద్దు, ఎంత అందంగా ఉన్నా సరే.

దీనితో పాటు ఇంకో రెండు విషయాలు కూడా కాగితం మీద రాసిపెట్టుకోండి. బోర్డు బ్యాక్‌గ్రౌండ్ ముదురు రంగా లేత రంగా, ఎంత దూరం నుంచి చదవాలి. దూరానికి బోర్డులు చేసేవాళ్లు వాడే లెక్క ఒకటుంది, 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు అక్షరం, అంటే సుమారు 3 మీటర్లకి 25 మి.మీ. అనుకోండి. 10 మీటర్ల నుంచి హాయిగా చదవాలంటే అక్షరం 80 మి.మీ. పైన ఉండాలి. మన తెలుగులో ఒత్తులు కింద చిన్నగా వస్తాయి కాబట్టి ఈ లెక్క ఒత్తుకి చూసుకోవాలి, పైన ఉన్న అక్షరానికి కాదు, లేకపోతే పేరంతా కనిపించి ఒత్తు దగ్గర మసకగా ఆగిపోతుంది.

ఇక షీట్ సంగతి.

పూర్తిగా పెయింట్ వేసేసే బోర్డుకి నా మొదటి ఓటు హెచ్‌డీయూకే, అంటే హై డెన్సిటీ యురేథేన్ బోర్డు. ఇది గట్టి ఫోమ్, లోపలి గదులన్నీ మూసుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు పీల్చదు, కుళ్లదు, పురుగు పట్టదు, చెక్కలాగా రేఖలు ఉండవు కాబట్టి ఏ దిక్కుకి కోసినా ఒకేలా తెగుతుంది. బోర్డులకి ఎక్కువగా వాడేది ఘనపు అడుగుకి 15 పౌండ్లు, 18 పౌండ్లు బరువుండే రకాలు, అంటే ఘనపు మీటరుకి దాదాపు 240, 290 కిలోలు. మామూలు ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో ఒత్తి చేసిన బోర్డు) 700 పైనే ఉంటుంది, దాంతో పోలిస్తే పెద్ద బోర్డు కూడా ఒక్క మనిషి ఎత్తగలడు. 15, 18 మధ్య ఏది అంటే చిన్న అక్షరాలు, సన్నని అంచులు ఉంటే 18, పెద్ద పెద్ద అక్షరాలకి 15 సరిపోతుంది. బరువు తక్కువది తీసుకుని సన్నని డిజైన్ చేస్తే అంచులు నలిగిపోతాయి.

దాని లోపాలు కూడా చెప్పాలి. గోరుతో గట్టిగా నొక్కితే గుంట పడుతుంది, కాబట్టి పిల్లలు చేతులు వేసే ఎత్తులోనో బండ్లు రాసుకునే చోటో పెట్టే బోర్డుకి ఇది కాదు. స్క్రూ నేరుగా బిగిస్తే పట్టదు, ఊడొస్తుంది. పెద్ద సైజులో తనంతట తాను నిటారుగా నిలబడే బలం లేదు, వెనక అల్యూమినియం ఫ్రేమో బయట వాడే ప్లైవుడ్డో ఉండాలి. ఇంకోటి, కోసిన చోట బరకగా రంధ్రాలు రంధ్రాలుగా ఉంటుంది, దాన్ని ప్రైమర్‌తో నింపి సాండింగ్ చేసే పని ఉంటుంది, ఆ పని ఇష్టం లేనివాళ్లు దీన్ని ఎంచుకుని తర్వాత విసుక్కోవడం కంటే ముందే వేరేది చూసుకోవడం మంచిది.

చెక్క విషయానికొస్తే, చెక్క చెక్కలా కనిపించాలి అన్నప్పుడే చెక్క వాడండి. మొత్తం పెయింట్ కింద దాచేసేదానికి చెక్క ఎందుకు, దాని కష్టాలన్నీ వస్తాయి, అందం మాత్రం కనపడదు. వెస్టర్న్ రెడ్ సెడార్, టేకు, మహాగనీ లాంటివి బయట నిలుస్తాయి, పైన్‌లో పైపొర చెక్క తొందరగా కుళ్లుతుంది. సెడార్ మెత్తగా తెగుతుంది, తేలిక, కానీ అడ్డంగా వెళ్లేటప్పుడు చిప్స్ లేచిపోతాయి. పైగా దాంట్లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం నీటితో పాటు పైకొచ్చి తెల్ల పెయింట్ మీద గోధుమరంగు మరకలుగా తేలుతుంది, మరకలు ఆపే ప్రైమర్ లేకుండా సెడార్ మీద తెలుపు వేయకండి. టేకులో నూనె ఎక్కువ కాబట్టి గ్లూ పెట్టే ముందు, ప్రైమర్ వేసే ముందు అసిటోన్‌తో తుడవాలి.

చెక్క కదులుతుంది అని అందరికీ తెలుసు గానీ ఎంత కదులుతుందో లెక్క వేయరు. రెడ్ సెడార్ పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాలకి అడ్డంగా సుమారు 2.4 శాతం, వలయాల వెంట 5 శాతం కుంచించుకుంటుంది. అంటే దుంగని ఎలా కోశారన్నదాన్ని బట్టి కదలిక రెండింతలు అవుతుంది. వార్షిక వలయాలు బోర్డు మందం వైపు నిలువుగా నిలబడి ఉన్న చెక్క దొరికితే అదే తీసుకోండి, కొంచెం ఎక్కువ పెట్టినా పర్లేదు. వెడల్పాటి ఒకే పలక కంటే సన్నని పట్టీలు వాటర్‌ప్రూఫ్ గ్లూతో అతికించి చేసిన ప్యానెల్ తక్కువ వంకర తిరుగుతుంది. కదలిక భయమే లేకుండా చెక్క కావాలంటే అకోయా అని ఉంటుంది, ఎసిటిలేషన్ (చెక్క నీళ్లు పీల్చకుండా చేసే రసాయన ప్రక్రియ) చేసిన పైన్, నేలకి తగలకుండా వాడితే 50 ఏళ్ల వారంటీ ఇస్తారు దానికి. పెయింట్ కూడా దానిమీద ఎక్కువ కాలం నిలుస్తుంది ఎందుకంటే కింద చెక్క కదలదు కాబట్టి పెయింట్ పగలదు. కాకపోతే స్క్రూలు స్టెయిన్‌లెస్ మాత్రమే వాడాలి దానికి.

పీవీసీ ఫోమ్ షీట్ చాలామందికి మొదట చేతికొచ్చేది. చిన్న బోర్డు, లేత రంగు, నీడ ఉన్న చోటు, ఈ మూడూ కలిస్తే పీవీసీ హాయిగా వాడుకోండి, నీళ్లకి భయం లేదు, పెయింట్ బాగా పడుతుంది, సాండింగ్ తక్కువ. కానీ వేడికి సాగుతుంది. డిగ్రీకి మీటరుకి సుమారు 0.06 నుంచి 0.07 మి.మీ., చిన్నదే అనిపిస్తుంది గానీ 2 మీటర్ల బోర్డు, రాత్రి చలికీ మధ్యాహ్నం ఎండకీ 40 డిగ్రీల తేడా అనుకుంటే 5 మి.మీ. దాకా పొడుగవుతుంది, అప్పుడు నాలుగు మూలలా గట్టిగా బిగించి ఉంటే ఎటుపోతుంది, మధ్యలో ఉబ్బుతుంది. ముదురు రంగైతే ఇంకా ఘోరం, నల్లటి ఫేస్ నేరుగా ఎండలో 60 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు, పీవీసీ ఫోమ్ ఆ వేడికి మెత్తబడటం మొదలవుతుంది. కాబట్టి నల్ల బ్యాక్‌గ్రౌండ్, దక్షిణమో పడమరో మొహం, పీవీసీ షీట్ అని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. ఇంకో సంగతి, పీవీసీ పైపొర గట్టిగా నున్నగా ఉంటుంది, లోపల మెత్తటి గదులు, అందుకని పైన ఫేసింగ్ కట్ (పైభాగమంతా పలచగా కోసి చదును చేయడం) తీయకండి, ఆ పొరే దాని బలం. లేజర్ కూడా ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక, పీవీసీని లేజర్ మీద ఎప్పుడూ పెట్టొద్దు, హైడ్రోజన్ క్లోరైడ్ గ్యాస్ వస్తుంది, మనిషికీ మెషిన్‌కీ రెండింటికీ చేటు.

అసలు ఎవరూ పట్టించుకోని చోటు, పార్కులో దారి చూపే బోర్డో చెరువు గట్టు మీద హెచ్చరిక బోర్డో అనుకోండి, అక్కడ రెండు రంగుల హెచ్‌డీపీఈ (గట్టి పాలిథిన్ ప్లాస్టిక్) షీటే సరైనది. పైన ఒక రంగు పొర, లోపల ఇంకో రంగు, పై పొర దాటేలా చెక్కితే లోపలి రంగు అక్షరంగా కనిపిస్తుంది, పెయింటే లేదు, ఊడిపోయేదే లేదు. గీతలు పడ్డా పెద్దగా తెలీదు, రాసిన రాతలు తుడిస్తే పోతాయి. ఎందుకంటే దానికి ఏదీ అంటుకోదు, అదే కారణంతో మీరు పెయింట్ వేద్దామన్నా అంటుకోదు, గ్లూ కూడా పట్టదు. రంగులు షీట్‌లో ఉన్నవే దిక్కు. వేడికి పీవీసీ కంటే ఎక్కువ, రెండింతల దాకా సాగుతుంది, బిగించేటప్పుడు రంధ్రాలు పొడుగ్గా తీయాల్సిందే. చెక్కిన బోర్డు అందం దీనికి రాదు, అది నిజం, కానీ పదేళ్ల తర్వాత కూడా చదవగలిగే బోర్డు ఇది.

మామూలు ఎండీఎఫ్ బయట వద్దు, ఎంత సీలర్ కొట్టినా సరే, ఒక్క చోట పెయింట్ పగిలిందంటే నీళ్లు లోపలికెళ్లి అంచు ఉబ్బుతుంది, ఇక అంతే. బయట వాడటానికే చేసిన ఎండీఎఫ్ వేరు, ట్రైకోయా లాంటివి, అవి ఎసిటిలేషన్ చేసిన పీచుతో తయారవుతాయి, రౌటర్ మీద నున్నగా తెగుతాయి, పెయింట్ బోర్డుకి చాలా మంచివి, బరువు మాత్రం ఎక్కువ. ఎండీఓ ప్లైవుడ్, అంటే పైన రెజిన్ పట్టించిన కాగితం అతికించిన ప్లైవుడ్, చదునైన పెయింట్ బోర్డులకి గొప్పది, లోతుగా చెక్కితే పొరలు బయటపడతాయి కాబట్టి దాన్ని వెనక బేస్‌గా వాడి ముందు హెచ్‌డీయూ అక్షరాలు అతికించడం తెలివైన పని. ఏసీపీ షీట్ (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండేది) చెక్కడానికి కాదు, దాని అల్యూమినియం పొర చాలా పలచగా ఉంటుంది, వెనక్కి మడిచి బాక్స్ చేయడానికి పనికొస్తుంది.

లోపలికి చెక్కాలా, అక్షరం పైకి నిలపాలా

ఇదే బోర్డు మొహాన్ని మార్చేస్తుంది. వీ-బిట్‌తో, అంటే వీ ఆకారపు కొన ఉన్న బిట్‌తో, లోపలికి చెక్కడం తొందరగా అవుతుంది, అక్షరం మూలలు ఎంత సన్నగా ఉన్నా బిట్ పైకి లేస్తూ వచ్చి పదునుగా ముగిస్తుంది. అక్షరం పైకి ఉంచి చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ తవ్వేయడం టైమ్ తింటుంది, కానీ దూరం నుంచి చదవడానికి అదే బాగుంటుంది, పెయింట్ వేయడం కూడా చాలా సులువు.

నీళ్ల కోణంలో చూడండి, ఈ మాట ఎవరూ చెప్పరు. నిలబెట్టిన బోర్డులో వీ ఆకారపు గాడి అడ్డంగా ఉంటే దాని కింది గోడ బయటికి వాలుగా ఉంటుంది, వాన నీళ్లు జారిపోతాయి. అదే చదునైన అడుగు, నిటారు గోడలతో తవ్వితే ప్రతి గీత కింది అంచూ, ప్రతి పైకి లేచిన అక్షరం పై అంచూ చిన్న అరుగులా తయారవుతాయి, అక్కడ నీళ్లు, దుమ్ము నిలబడతాయి, పెయింట్ మొదట పోయేది అక్కడే. పైకి నిలిపే అక్షరాలు చేస్తుంటే గోడలు నిటారుగా కాకుండా టేపర్ బిట్‌తో గానీ వీ-బిట్‌తో గానీ వాలుగా తీయండి. పై అంచు కూడా కత్తిలా వదలకండి, పెయింట్ పదునైన అంచు మీద నుంచి రెండు పక్కలకీ లాక్కుపోతుంది, అక్కడ పొర పలచబడుతుంది, అందుకే సాండ్‌పేపర్‌తో ఒక 2 మి.మీ. గుండ్రం చేస్తే అంచు దగ్గర పెయింట్ ఎక్కువ కాలం ఉంటుంది.

వీ-బిట్ కోణం ఎంత అనేదానికి లెక్క తేలిక. 90 డిగ్రీల బిట్ అయితే గీత వెడల్పులో సగం లోతు, 60 డిగ్రీలదైతే వెడల్పుని 0.87తో గుణిస్తే వచ్చేంత, 120 డిగ్రీలదైతే 0.29తో గుణించాలి. 25 మి.మీ. వెడల్పు గీతకి చూడండి, 90తో 12.5 మి.మీ., 60తో దాదాపు 21.7 మి.మీ., 120తో 7.2 మి.మీ. మీ బోర్డు మందం 25 మి.మీ. అయితే 60 డిగ్రీల బిట్ దాదాపు అవతలికి వచ్చేసినట్టే, వెనక 3 మి.మీ. పైచిలుకు మాత్రమే మిగులుతుంది. సన్నని గీతల అక్షరాలకి 60 మంచిది, ఎందుకంటే 90తో చేస్తే లోతు చాలక నీడ పడదు, అక్షరం చదునుగా కనిపిస్తుంది. లావు గీతలకి 90, మరీ లావువైతే 120, లేదా లోతుకి హద్దు పెట్టి అడుగు చదునుగా ఉంచేయడం.

తెలుగు అక్షరాలకి ఇక్కడ కొంచెం ఆగాలి. మన అక్షరాలన్నీ గుండ్రాలు, పదునైన మూలలు తక్కువ, ఇది రౌటర్‌కి వరం. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో లోపలి మూలల దగ్గర ఎండ్ మిల్ (నిటారుగా ఉండే చదును కొన బిట్) గుండ్రంగా వదిలేసేది మన దగ్గర అంతగా తెలీదు. కష్టమంతా లోపలి చిన్న ఖాళీల దగ్గర, ఠ లోపలి చుక్క, క్ష్మి లాంటి గుంపులో ఒత్తుకీ అక్షరానికీ మధ్య సందు, తలకట్టు కింద ఇరుకు. అక్షరం పైకి నిలిపే పద్ధతిలో బిట్ ఆ సందులోకి దూరాలి, 6 మి.మీ. బిట్‌తో 4 మి.మీ. సందు తవ్వలేం కదా, సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేస్తుంది, ఒత్తు అక్షరానికి అతుక్కుపోయి కనిపిస్తుంది. అందుకే ఒత్తులు ఎక్కువ ఉన్న పేరైతే లోపలికి చెక్కడమే మేలు, లేకపోతే ఒత్తుని కొంచెం కిందికి జరిపి సందు పెంచుకోండి. ఫాంట్ విషయంలో కూడా, కొన్ని సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్లలో నేరుగా తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోతాయి, ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి అక్షరాలని పాత్‌గా మార్చి ఎస్‌వీజీగా తెచ్చుకుంటే ఆ గొడవ ఉండదు. పాత్‌గా మార్చాక ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలని యూనియన్ చేసి కలపడం మర్చిపోకండి, లేకపోతే అక్షరం మధ్యలో అడ్డగీత చెక్కేస్తుంది.

వీ-కార్వింగ్‌లో బోర్డు చదునుగా ఉండటం అన్నిటికంటే ముఖ్యం. 90 డిగ్రీల బిట్‌తో ఎత్తులో 0.5 మి.మీ. తేడా వస్తే గీత వెడల్పులో 1 మి.మీ. తేడా వస్తుంది, 4 మి.మీ. ఉండాల్సిన ఒత్తు గీత ఒక చివర 4 ఉంటే ఇంకో చివర 3 అయిపోతుంది, కంటికి వెంటనే దొరికిపోతుంది. చెక్కకీ హెచ్‌డీయూకీ ముందు ఒక ఫేసింగ్ కట్ తీసేయండి, పీవీసీకి మాత్రం పైన చెప్పినట్టు వద్దు, దాన్ని వాక్యూమ్‌తోనో టేప్‌తోనో చదునుగా పట్టి ఉంచాలి.

బొమ్మలు ఉబ్బెత్తుగా, త్రీడీలో కావాలంటే టైమ్ ఎంతో ముందే లెక్కేస్కోండి. 300 మి.మీ. చదరపు బొమ్మ, స్టెప్ ఓవర్ (బిట్ నడిచే గీతకీ గీతకీ మధ్య దూరం) 0.6 మి.మీ. అంటే 500 గీతలు, మొత్తం 150 మీటర్ల దారి, నిమిషానికి 3 మీటర్లు పోతే 50 నిమిషాలు, స్టెప్ ఓవర్ సగం చేస్తే టైమ్ రెండింతలు. పెయింట్ వేసే బయటి బోర్డుకి 6 మి.మీ. బాల్ నోస్‌తో, అంటే గుండ్రటి కొన బిట్‌తో, 0.6 చాలు, గీతల మధ్య మిగిలే గట్టు ఎత్తు 0.015 మి.మీ. మాత్రమే, ప్రైమర్ దాన్ని మింగేస్తుంది. చాలా బోర్డులకి త్రీడీ అవసరం లేదు, వీకార్వ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పని అయిపోతుంది, సొంతంగా ఉబ్బెత్తు బొమ్మలు తయారు చేసుకోవాలంటేనే ఆస్పైర్ లాంటిది చూడండి. ఉచితంది కావాలంటే వీ-కార్వింగ్ వరకు ఎఫ్-ఎన్‌గ్రేవ్ ఉంది.

బిట్ల గురించి తొందరగా చెప్పేస్తా. చెక్కకి డౌన్‌కట్ బిట్ (పొట్టుని కిందికి తోసేది) పైన అంచు శుభ్రంగా ఉంచుతుంది కానీ పొట్టు గాడిలోనే కుక్కుకుంటుంది, లోతు ఎక్కువైతే అప్‌కట్ (పొట్టుని పైకి లాగేది). పీవీసీ, హెచ్‌డీపీఈకి ఒకే ఫ్లూట్ (కోసే అంచు) ఉన్న ఓ-ఫ్లూట్ అప్‌కట్, ఫీడ్ తక్కువై బిట్ ఒకేచోట తిరిగితే ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది. ఫీడ్ లెక్క ఆర్పీఎం, ఫ్లూట్లు, చిప్ లోడ్ (ఒక్కో చుట్టుకి ఒక్కో ఫ్లూట్ తీసే పొట్టు మందం) మూడింటినీ గుణించడమే, 18000 ఆర్పీఎం, 2 ఫ్లూట్లు, 0.1 మి.మీ. అంటే నిమిషానికి 3600 మి.మీ. హెచ్‌డీయూ ఏ బిట్‌కైనా తెగుతుంది, కానీ దాని దుమ్ము సన్నగా గాల్లో తేలుతుంది. సెడార్ దుమ్ము ఆస్తమా తెప్పించగలదు, చెక్క దుమ్ము క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి గ్రూపులో ఉంది, కాబట్టి డస్ట్ కలెక్టర్, మాస్క్ రెండూ ఉండాలి.

పెయింట్ ఎలా, ఏది

పెయింట్ వేసే పద్ధతులు మూడు, ఏది ఎంచుకోవాలో చెక్కకముందే తేల్చుకోవాలి. లోపలికి చెక్కే అక్షరాలకి మాస్క్ పద్ధతి. బోర్డుకి ముందే ప్రైమర్, బ్యాక్‌గ్రౌండ్ రంగు పూర్తి చేసి ఆరనిచ్చి, దాని మీద ఒరామాస్క్ 813 లాంటి స్టెన్సిల్ ఫిల్మ్ అతికించి, ఫిల్మ్ మీద నుంచే చెక్కి, గాడిలో రంగు వేసి, ఫిల్మ్ పీకేయడం. ఇది బాగా రావాలంటే రెండు చోట్ల జాగ్రత్త. కింద పెయింట్ నిజంగా గట్టిపడాలి, చేతికి ఆరినట్టున్నా ఎనామిల్ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది, తొందరపడితే ఫిల్మ్‌తో పాటు పెయింటూ లేచొస్తుంది. రెండోది, చెక్కాక అక్షరం రంగు వేయకముందు బ్యాక్‌గ్రౌండ్ రంగునే పలచగా ఒక కోటు గాడిలో వేయండి, ఫిల్మ్ అంచు కిందికి ఏదైనా పాకితే ఆ రంగే పాకి సందు మూసుకుంటుంది, తర్వాత వేసే అక్షరం రంగు గీత గీసినట్టు శుభ్రంగా వస్తుంది. చెక్క రంగు బయటికి కనపడాల్సిన బోర్డైతే అదే పని షెల్లాక్‌తోనో రంగులేని క్లియర్ కోటుతోనో చేయాలి, లేకపోతే రంగు పీచుల వెంట పాకుతుంది. హెచ్‌డీయూ మీద ప్రైమర్ నున్నగా లేకపోతే ఫిల్మ్ సరిగ్గా అంటదు, ఠలో చుక్క లాంటి చిన్న ముక్కలు బిట్ గాలికి ఎగిరిపోతాయి.

చెక్క మీద ఇంకో దారి, ముందు చెక్కేసి, గాడులకి సీలర్ కొట్టి, రంగు ఇష్టమొచ్చినట్టు పూసేసి, ఆరాక పైభాగం సాండర్‌తోనో ఫేసింగ్ బిట్‌తోనో తీసేయడం, అక్షరంలో రంగు మిగులుతుంది, పైన కొత్త చెక్క బయటికొస్తుంది. మాస్క్ ఖర్చు లేదు, తప్పు జరిగే అవకాశమూ తక్కువ. ఇక పైకి నిలిచిన అక్షరాలకైతే మొత్తం బోర్డుకి బ్యాక్‌గ్రౌండ్ రంగు వేసేసి, గట్టి ఫోమ్ రోలర్‌కి కొంచెం రంగు అద్ది అక్షరాల మొహం మీద దొర్లిస్తే చాలు. చేయి తిరగనివాళ్లకి కూడా బాగా వచ్చే పద్ధతి ఇదే, మొదటి బోర్డు చేస్తున్నవాళ్లు పైకి నిలిపే అక్షరాలు ఎంచుకోవడానికి ఇది ఒక్కటే కారణం చాలు.

ఏ పెయింట్ అంటే, హెచ్‌డీయూకి నీటి ఆధారిత మందపాటి ప్రైమర్, మధ్యలో 220 పేపర్‌తో రుద్దుతూ రెండు మూడు కోట్లు, పైన 100 శాతం యాక్రిలిక్ బయటి పెయింట్. ఆయిల్ ప్రైమర్‌లోని సాల్వెంట్ హెచ్‌డీయూ గదుల్లో చిక్కుకుంటుంది, ముదురు రంగు ఎండకి వేడెక్కినప్పుడు బుడగలు లేవొచ్చు, అందుకే నేను నీటి వైపే ఉంటాను. చెక్కకి యాక్రిలిక్ ఎందుకు మంచిదంటే సాగుతుంది, చెక్కతో పాటు కదులుతుంది, ఆయిల్ ఎనామిల్ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసై పగులుతుంది. కానీ అక్షరాలు బ్రష్‌తో చేతితో నింపేవాళ్లకి వన్ షాట్ లాంటి లెటరింగ్ ఎనామిల్ పారినంత చక్కగా ఇంకేదీ పారదు, ఒక్క కోటులో కప్పేస్తుంది. ఆటోమొబైల్ టూ-కే పాలీయురేథేన్ (పెయింట్, హార్డెనర్ రెండూ కలిపి వాడేది) గట్టిదనంలో అన్నిటికంటే ముందుంటుంది, పీవీసీకీ హెచ్‌డీయూకీ బాగుంటుంది, కాకపోతే దాని హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, సరైన రెస్పిరేటర్, గాలి ఏర్పాటు లేకుండా ఇంట్లో స్ప్రే చేయకండి.

రంగుల్లో ఎర్ర, పసుపు రంగులు చాలావరకు ఎండకి తొందరగా వెలిసిపోతాయి, ఐరన్ ఆక్సైడ్‌తో చేసిన ఇటుక ఎరుపు, కావి, ముదురు గోధుమ రంగులు నిలుస్తాయి. చెక్క మీద ఉత్త క్లియర్ వార్నిష్ వేసి వదిలేస్తే ఎండ దాని గుండా దూరి కింద చెక్కని దెబ్బతీస్తుంది, పొర లేచిపోతుంది, ఏడాది రెండేళ్లకోసారి మళ్లీ వేయాల్సిందే. రంగు పిగ్మెంట్ ఉంటేనే ఎండ ఆగుతుంది.

బంగారు అక్షరాలు అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. గోల్డ్ పెయింట్ చాలావరకు ఇత్తడి పొడే, బయట పెడితే నల్లబడుతుంది. నకిలీ గోల్డ్ లీఫ్ కూడా రాగి, జింక్ కలిపిందే, క్లియర్ వేయకపోతే అదీ అంతే. 23 క్యారెట్ల అసలు బంగారు రేకు అయితే వెలవదు, నల్లబడదు, దాని మీద క్లియర్ కోటు కూడా వేయక్కర్లేదు, వేస్తే ఆ క్లియరే ముందు పాడై మెరుపు పోగొడుతుంది. ఖర్చు చూసి భయపడతారు గానీ మళ్లీ మళ్లీ పెయింట్ వేసే శ్రమ లెక్కేస్తే బయటి బోర్డుకి అసలు రేకే చవక అని నేను గట్టిగా నమ్ముతాను, ముఖ్యంగా వీ గాడుల్లో, రెండు గోడలూ వెలుతురుని రెండు రకాలుగా పట్టుకుంటాయి. గాలి ఉన్న చోట విడి రేకు ఎగిరిపోతుంది, కాగితానికి అంటించిన ట్రాన్స్‌ఫర్ లీఫ్ తీసుకోండి, అంటించడానికి వాడే జిగురుని సైజు అంటారు, తొందరగా ఆరే సైజు కంటే నెమ్మదిగా ఆరేదానికి మెరుపు ఎక్కువ.

ఏ షీటైనా ఏ పెయింటైనా వెనక వైపు, అంచులు, స్క్రూ రంధ్రాల లోపల, అన్నిచోట్లా ముందు వైపు ఎన్ని కోట్లు వేశారో అన్నీ వేయండి. చెక్కలో నీళ్లు ఎక్కువగా దూరేది పీచుల చివర, అంటే అంచుల దగ్గరే. ఒక వైపే పెయింట్ వేసిన చెక్క ఒక వైపే తేమ పీల్చి వంగుతుంది.

బిగించేటప్పుడు చెక్కకీ ప్లాస్టిక్‌కీ ఒక్క రంధ్రం మాత్రమే బిగువుగా, మిగతావి కదిలే దిశలో పొడుగ్గా తీసి వాషర్ పెట్టండి, స్క్రూ మరీ బిగించొద్దు. హెచ్‌డీయూకి వెనక నుంచి గుంట తీసి త్రెడెడ్ రాడ్‌ని ఎపాక్సీతో పాతేసి ఆ రాడ్ల మీద వేలాడదీయాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్ 304, సముద్రం దగ్గరైతే 316, మామూలు ఇనుప స్క్రూ సెడార్‌లో పెడితే టానిన్‌తో కలిసి చుట్టూ నల్లగా కారుతుంది. గోడకీ బోర్డుకీ మధ్య స్పేసర్ పెట్టి కనీసం 10 మి.మీ. ఖాళీ ఉంచండి, వెనక తడి ఆరుతుంది. బోర్డు పై అంచుని వెనక్కి కాకుండా ముందుకి వాలుగా, కింది అంచుని వెనక్కి వెళ్లేకొద్దీ పైకి లేచేలా కోసి ఉంచితే నీటి బొట్టు ముందు అంచు నుంచే కిందికి రాలిపోతుంది, వెనక్కి పాకి గోడ మీద చార దిగదు, ఈ కట్‌కి రౌటర్ మీద పట్టే టైమ్ రెండు నిమిషాలు.